మా కథ మా చేతిరాతలో



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. "జీవితాన్ని మన కథలాగా మనమే రాసుకోవాలి అనే అంశం మీద రాయండన్నా, పిల్లలకు ధైర్యం రావాలె" అన్నారు. సరేనన్నాం. తీరా కూర్చుంటే రెండు రోజులు పెన్ను కదలలేదు.

ఇదేదో కొత్త పని కూడా కాదు. పదో తరగతి తెలుగు పేపర్లో ఆత్మకథ రాయమని అడిగే ప్రశ్న మీ అందరికీ తెలిసిందే కదా! చెట్టు ఆత్మకథ రాశాం. చిరిగిన పుస్తకం ఆత్మకథ రాశాం. మూసీ నది ఆత్మకథ అయితే స్టడీ అవర్‌లో బట్టీ పట్టి మరీ రాశాం. "నేను అనంతగిరి కొండల్లో పుట్టాను, హైదరాబాదులో మురికినయ్యాను, సోలిపేట దగ్గర ఆనకట్టలో కాసేపు ఆగాను, వాడపల్లి దగ్గర కృష్ణమ్మలో కలిశాను" అని నది బాధంతా మా బాధే అన్నట్టు రాసి మార్కులు తెచ్చుకున్నాం. మా గురించి మాత్రం ఒక్క పేజీ కూడా రాయలేదు. ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు.

ఈ వ్యాసంలో మేము అంటే ముగ్గురం. ఆరో తరగతిలో ఒకే వారం చేరాం. హాస్టల్లో అసలు పేర్లు రిజిస్టరుకే పరిమితం కదా, మమ్మల్ని ఊరి పేర్లతోనే పిలిచేవారు. ఒకడు సూర్యాపేట, ఒకడు కోదాడ, ఒకడు మిర్యాలగూడ. రాత్రి హాజరు తీసుకునేటప్పుడు వార్డెన్ సారు కూడా "కోదాడ ఏడిరా?" అనేవారు. కొన్నిచోట్ల మేము అన్నా అది ముగ్గురిలో ఒక్కరి మాటే. అది ఎక్కడో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

మా కథను అప్పటిదాకా రాసిందంతా రిజిస్టర్లు, సర్టిఫికెట్లే. కుల ధృవీకరణ పత్రం, ఆదాయ ధృవీకరణ పత్రం, బోనఫైడ్, టీసీ. వాటిలో కూడా మమ్మల్ని అడగకుండానే మార్పులు జరిగాయి. మేము పుట్టినప్పుడు ముగ్గురిదీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, నల్లగొండ జిల్లా. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక సూర్యాపేట వాడు, కోదాడ వాడు సూర్యాపేట జిల్లా అయ్యారు, మిర్యాలగూడ వాడు నల్లగొండలోనే ఉండిపోయాడు. ఆ రాత్రి మా గదిలో పెద్ద చర్చ. "నువ్వు ఇప్పుడు వేరే జిల్లా, మా బకెట్ ముట్టొద్దు" అని కోదాడ వాడు ఏడిపించాడు. మర్నాడు బకెట్ ఒకటే, నల్లా ఒకటే, వరస కూడా ఒకటే!

మిర్యాలగూడ వాడి నాయనమ్మ ప్రతి దానికీ ఒకటే మాట అనేది: "రాసిపెట్టి ఉండాలె బిడ్డా." మంచి జరిగినా అదే, చెడు జరిగినా అదే. బ్రహ్మ నుదుటి మీద రాసేశాడు, చెరపడం మన చేతుల్లో లేదు అని ఆమె నమ్మకం. ఆమె మాటను మేము అప్పుడు ఎగతాళి చేసేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే, అప్పటివరకు ఆమె బతుకులో ఏ నిర్ణయమూ ఆమెను అడిగి జరగలేదు. ఎవరో రాసినట్టే అనిపించడంలో ఆమె తప్పేముంది?

ఇక అసలు విషయానికి వస్తాం. దీన్ని దాటవేసి ఎన్ని నీతులు రాసినా అబద్ధమే అవుతుంది.

2020 మార్చిలో ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికి వెళ్లాం. లాక్‌డౌన్ వచ్చింది. హాస్టళ్లు మూతపడ్డాయి. సూర్యాపేట వాడి తండ్రి చెప్పులు కుడతాడు, బస్టాండు మూసేస్తే ఆయనకు పనే లేదు. కోదాడ వాడికి తండ్రి చిన్నప్పుడే చనిపోయాడు. తల్లి మిరప కోతలకు, పత్తి ఏరడానికి ఆటోల్లో పోయి అతన్ని చదివించింది. రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర సరిహద్దులో పోలీసులు ఆపేస్తుంటే అటువైపు పనులకు పోవడం కూడా ఆగిపోయింది. మిర్యాలగూడలో మాత్రం ఏప్రిల్‌లో యాసంగి వడ్లు వచ్చాయి, మిల్లులు నడవాలి. బయటి రాష్ట్రాల హమాలీలు ఇళ్లకు పోవాలని తపిస్తున్నారు. ముఠాలో మనుషులు తక్కువయ్యారు. "రెండు నెలలు నాతోపాటు రా బిడ్డా" అని నాయిన పిలిచాడు.

మిర్యాలగూడ మిల్లుల సంగతి బయటివాళ్లకు తెలియకపోవచ్చు. వడ్లు లారీల్లో వస్తాయి, కాంటా అవుతాయి, హమాలీల వీపుల మీద లోపలికి పోతాయి. ఉప్పుడు బియ్యమైతే వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడకబెట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆ బాయిలర్‌లోకి పోయేది ఊకే. బయటికి వచ్చే బస్తాలు మళ్లీ వీపుల మీదే లారీ ఎక్కుతాయి. ఇప్పుడు సర్కారు కొనుగోలు కేంద్రాల నుంచి వచ్చే సంచికి 40 కిలోల వడ్లు. నాయిన పనిలో చేరినప్పుడు బస్తా అంటే 75 కిలోలు. మెడ వెనక తువ్వాలు మడత పెట్టుకుని, కొక్కెంతో పట్టుకుని, రెండు అడుగుల వెడల్పు చెక్క మీద లారీలోకి ఎక్కాలి. మొదటిరోజు మేము ముప్పై సంచులు మోసి కూలబడ్డాం. రాత్రి మెడ తిరగలేదు. నాయిన ఏమీ అనలేదు, కొబ్బరినూనె వేడి చేసి రాశాడు.

అక్కడే ఒకటి చూశాం. నాయినకు చదువు రాదు. కానీ మిల్లు గోడ మీద బొగ్గుతో లెక్క రాసేవాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. అది అయిదు. మధ్యాహ్నానికి గోడ నిండేది. సాయంత్రం గుమాస్తా కాగితం లెక్కకూ గోడ లెక్కకూ తేడా వస్తే ముఠా అంతా నాయిన గోడ దగ్గరకే వచ్చి నిలబడేది. చాలాసార్లు గోడే గెలిచింది.

అంత చూసిన వాళ్లం, అంత మోసిన వాళ్లం, అయిదారు నెలలకే ఏం చేశామో చూడండి.

డిగ్రీలో చేరడానికి కాలేజీకి వెళ్లాం. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. దరఖాస్తులో ఒక గడి: తండ్రి వృత్తి. పక్కన కొత్త చొక్కాలు వేసుకున్న పిల్లలు, వాళ్ల నాన్నలు. పెన్ను ఆ గడి దగ్గర ఆగింది. ఒక్క నిమిషం. తర్వాత "ప్రైవేటు ఉద్యోగి" అని రాశాం. కింద తండ్రి సంతకం చేయాలి. నాయిన బొటనవేలు చాచాడు. కిటికీలో కూర్చున్న ఆయన స్టాంప్ ప్యాడ్ ఇటు తోసి, కాగితం చూసి, "ప్రైవేటు ఉద్యోగి వేలిముద్ర వేస్తాడా?" అని నవ్వాడు. వెనక లైన్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాయిన కూడా నవ్వాడు, ఏదో జోక్ అయి ఉంటుందని. లేదా అలా మాకు అనిపించాలని.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాయిన అడిగాడు.

"నా గురించి ఏం రాసినవ్ బిడ్డా?"

"నీ పేరు రాసిన నాయినా."

"పేరు ఒక్కటేనా?"

"ఆ."

ఊరు వచ్చేదాకా ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఇది మిర్యాలగూడ వాడి ఒక్కడి సంగతే అనుకోకండి. ఆ తర్వాత చాలా రోజులకు ముగ్గురం కలిసినప్పుడు తెలిసింది. సూర్యాపేట వాడు అదే గడిలో "వ్యాపారం" అని రాశాడట. "అబద్ధం ఎట్లయితదిరా, పైసలు తీసుకునే కదా కుడతడు" అని మాతో వాదించాడు కూడా. నవ్వాం గానీ వాడి ముఖంలో నవ్వు లేదు. కోదాడ వాడు ఆ గడిలో చిన్న గీత గీసి వదిలేశాడు. తల్లి వృత్తి అని ఇంకో గడి ఆ కాగితంలో లేనేలేదు. ఆమె పన్నెండేళ్లు మిరపకాయ ఘాటుకు దగ్గుతూ సంపాదించిన కొడుకు దరఖాస్తులో ఆమెకు చోటే లేదు.

మేము ముగ్గురమూ మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ వాళ్లం కావలసినవాళ్లం. ఇద్దరం అయ్యాం. కోదాడ వాడు రెండో సంవత్సరంలో ఆపేశాడు. తల్లికి ఆరోగ్యం బాగాలేక హైవే పక్కన పెట్రోలు బంకులో పనికి కుదిరాడు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద మీరెప్పుడైనా కోదాడ దగ్గర పెట్రోలు పోయించుకుని ఉంటే వాడిని చూసే ఉంటారు. ఇప్పుడు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ కట్టాడు. 1982లో పెట్టిన ఆ యూనివర్సిటీ మనలాంటి వాళ్లకోసమే ఉన్నదని మాకు వాడు చేరాకే తెలిసింది. రాత్రి డ్యూటీలో రెండు లారీల మధ్య చదువుతాడు. వాడు చదువు మానేశాడని ఊళ్లో అన్నవాళ్లకు వాడు ఏమీ జవాబు చెప్పలేదు. మేమూ చెప్పం. తమ్ముళ్లూ, మీలో ఎవరైనా మధ్యలో ఆపాల్సి వస్తే మాత్రం వాడి నంబరు మా దగ్గర ఉంది.

పీజీలో చేరాక లైబ్రరీలో చేతికి దొరికిన పుస్తకాలు మమ్మల్ని ఆ గడి దగ్గరకే మళ్లీ మళ్లీ లాక్కొచ్చాయి. మన హాస్టల్ హాల్లో అంబేద్కర్ పటం కింద రోజూ అన్నం తిన్నాం గానీ ఆయన తన గురించి తాను రాసుకున్నది చదవలేదు. ఇంగ్లీషులో "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే చిన్న పుస్తకం, ఆయన చేతిరాతలో మిగిలిన కాగితాలు. ఆయన పోయిన చాలా ఏళ్లకు 1990లో అచ్చయ్యాయి. అందులో మొదటి సంఘటన 1901 నాటిది. గోరేగావ్‌లో క్యాషియర్‌గా పనిచేస్తున్న తండ్రిని చూడడానికి పిల్లలు రైల్లో బయలుదేరారు. కొత్త బట్టలు వేసుకున్నారు. మసూర్ స్టేషన్‌లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వీళ్లు మహర్లని తెలిశాక బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలాలి, తాను నడిచి వస్తానని. దారిలో తాగడానికి నీళ్లు దొరకలేదు. ఆ వయసు పిల్లల్ని మన హాస్టల్లో ఇప్పుడూ చూస్తున్నాం. చదువుతుంటే మమ్మల్ని ఆపింది ఇంకో సంగతి. తన తాతముత్తాతలు ఎక్కడివారు, తండ్రి సైన్యంలో ఏ హోదా దాకా పనిచేశారు, తర్వాత ఏ ఉద్యోగం చేశారు, అన్నీ మొదట్లోనే ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు. ఆ గడిని ఆయన నింపారు.

తర్వాత వై.బి. సత్యనారాయణ గారి పుస్తకం. 2011లో ఇంగ్లీషులో వచ్చింది, తెలుగులో "మా నాయన బాలయ్య". కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయిన కొడుకు, రైల్వేలో పనిచేసిన తండ్రి కథ, తాతల కథ రాశాడు. తన కథకు తండ్రి పేరు పెట్టుకున్నాడు! అట్ట మీదే! మేము ఒక గడిలో దాచిపెట్టిన మనిషిని ఆయన పుస్తకం పేరు చేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మల్లు స్వరాజ్యం గారి గురించి మన వైపు వాళ్లకు కొత్తగా చెప్పేది లేదు. తుంగతుర్తి దగ్గర కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టారు, సాయుధ పోరాటంలో తుపాకీ పట్టారు, తర్వాత తుంగతుర్తి ఎమ్మెల్యేగా రెండుసార్లు గెలిచారు, 2022 మార్చి 19న కన్నుమూశారు. మిర్యాలగూడ ఎంపీగా చేసిన భీమిరెడ్డి నరసింహారెడ్డి గారు ఆమె అన్న. ఆమె తన కథ తాను కూర్చుని రాయలేదు, చెప్పారు. విమల, కాత్యాయని విని రాశారు. "నా మాటే తుపాకీ తూటా" అని పుస్తకమైంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇంట్లోని వడ్లు కూలీలకు పంచిన సంగతి అందరూ చెప్పుకుంటారు. గొప్ప విషయమే, కాదనం. కానీ మాకు ఒక ప్రశ్న మిగిలింది. ఆ వడ్లను కొంగుల్లో, తువ్వాళ్లలో పట్టుకుని ఇంటికి పోయినవాళ్లు ఎవరు? వాళ్లు ఆ రాత్రి ఏం వండుకున్నారు, ఏం మాట్లాడుకున్నారు? వాళ్లలో మా ముత్తాతల వంటి వాళ్లు ఉండి ఉంటారు. ఆ సగం కథ రాసినవాళ్లు లేరు. ఇప్పుడు అడుగుదామంటే వాళ్లూ లేరు.

అది చదివాక వేసవి సెలవుల్లో 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని ఇంటికి పోయాం. రాత్రి అన్నాలు తిన్నాక నాయిన మంచం దగ్గర కూర్చుని, "నీ కథ చెప్పు నాయినా, రాసుకుంట" అన్నాం.

"నాదేం కథ బిడ్డా, మోసుడే గద."

మొదటి రాత్రి అంతే. రెండో రాత్రి తాత గురించి మొదలుపెట్టాడు. నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారని మేము పోటీ పరీక్షల కోసం చదువుకున్నాం. ఎడమ కాలువ తవ్వేటప్పుడు మా తాత తట్టలతో మట్టి మోశాడన్నది ఏ గైడులోనూ లేదు. ఆ కాలువ నీళ్లు వచ్చాకే ఇటు వరి పెరిగింది, వరి పెరిగాకే మిర్యాలగూడలో అన్ని మిల్లులు లేచాయి, మిల్లులు లేచాకే నాయినకు బస్తా దొరికింది. కాలువ కింద మాకు ఒక గుంట కూడా లేదు. తాత మట్టి మోస్తే నాయిన వడ్లు మోశాడు. ఇదంతా నాయిన వరసగా చెప్పలేదు. ఒక రాత్రి జీతం ఉన్న దొడ్డి గురించి, ఒక రాత్రి తనతో పని చేసి నడుము పోయిన మనిషి గురించి, మధ్యలో ఎప్పుడో చూసిన సినిమా గురించి. మేము తేదీలు అడిగితే "కాలువ తెగిన ఏడు", "నువ్వు పుట్టిన ముందటేడు" అనేవాడు.

రాసిందాన్ని చదివి వినిపించాం. నాయిన తప్పులు పట్టాడు! ఒకచోట, చిన్నప్పుడు బడికి పంపకుండా బర్ల దగ్గర జీతం పెడితే ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడని రాశాం. బాగుంటుందని మేమే కలిపింది.

"నేనెప్పుడు ఏడ్సిన? ఆ దినం ఆకలైంది. వాళ్లింట్ల అన్నం పెట్టిన్రు. తిని పన్న. ఏడుపు రాలే. అది కొట్టెయ్యి."

కొట్టేశాం. పేజీ చింపబోతే వద్దన్నాడు. "కొట్టేసింది గూడ కనవడనియ్యి, మల్ల లెక్క తప్పకుండ" అన్నాడు. గోడ మీద కూడా ఆయన అంతే చేసేవాడు, తప్పు గీతను చెరపడు, దాని మీద సున్నా చుడతాడు.

తొమ్మిదో రాత్రి చదవడం అయిపోయాక కాసేపు ఊరుకుని, "గా కాలేజీల కాగితం సంగతి రాసినవా?" అని అడిగాడు.

మాకు నోట మాట రాలేదు. నాలుగేళ్ల తర్వాత! ఆయనకు ఆ రోజే తెలుసు. కిటికీలో ఆయన ఎందుకు నవ్వాడో, వెనకవాళ్లు ఎందుకు నవ్వారో అన్నీ తెలుసు.

"రాయలే నాయినా."

"అది గూడ రాయి. లేకుంటే ఎట్ల?"

అంతే అన్నాడు. కోపంగా అనలేదు, బాధగా కూడా అనలేదు. గుమాస్తాకు ఒక సంచి తక్కువ పడిందని చెప్పేటప్పుడు ఎట్లా చెప్తాడో అట్లా చెప్పాడు.

తమ్ముళ్లూ, మీరు అడిగిన అంశం మీద మాకు తెలిసింది ఇంతే. మన కథలో చాలా భాగం మనం రాకముందే రాసి ఉంది. ఏ ఇంట్లో పుట్టాం, ఏ జిల్లా అయింది, ఏ పత్రంలో ఏం పడింది, వాటిని మార్చలేం. ఆ పైన వచ్చే చిన్న చిన్న గడులు మాత్రం మన చేతిలో పెన్నుతోనే నిండుతాయి. అక్కడ మేము తడబడ్డాం. మీరు దరఖాస్తులు నింపే రోజులు ఎట్లాగూ వస్తాయి కాబట్టి ముందే చెప్తున్నాం. ఈ ఏడాది ఒక ఉద్యోగానికి కాగితం నింపుతుంటే మళ్లీ అదే గడి వచ్చింది. "హమాలీ" అని రాశాం. ఎవరూ నవ్వలేదు. ఎవరూ మెచ్చుకోలేదు కూడా. అవతల ఆయన స్టాంపు వేసి "నెక్స్ట్" అన్నాడు. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

ఈ సంచికలో మీరు కవితలు, జోకులు, పొడుపు కథలు వేస్తారని తెలుసు. మా ఆశ ఒకటుంది. వచ్చే సంచికలో రెండు పేజీలు మీ అమ్మానాన్నల కోసం ఉంచండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగి రాసుకొచ్చి వార్డెన్ సారుకు ఇవ్వండి. అక్షర దోషాలు మేము దిద్దుతాం. మీ ఇంట్లో వాళ్లు దిద్దేవి మాత్రం మేము దిద్దలేం, అవి అక్కడే దిద్దించుకు రండి.

సూర్యాపేట వాడు కూడా నోట్‌బుక్ కొన్నాడు. వాడి నాయిన బస్టాండు దగ్గర పని చేసుకుంటూనే చెప్తాడట. మధ్యలో ఎవరైనా చెప్పు తెగిందని వస్తే కథ ఆగుతుంది. వాడు పక్కన కూర్చుని ఆగిన దగ్గర గుర్తు పెట్టుకుంటాడు. మొదట్లో తెలిసినవాళ్లు చూస్తారని అటు తిరిగి కూర్చునేవాడినని మాకు ఫోన్లో చెప్పాడు. ఇప్పుడు రోడ్డు వైపే కూర్చుంటున్నాడట.

కోదాడ వాడు తల్లిని అడిగాడు. "మిరప కోతలు అయిపోయినంక చెప్త, ఇప్పుడు తీరిక లేదు" అన్నదట.